గోదావరి గాలిలో చేతి ఉకులేలే: ఆర్డరు తీసుకోవడం నుంచి అప్పగించే దాకా

చిన్న గిటారులా ఉండే నాలుగు తీగల వాయిద్యం ఉకులేలే. దాని పైపలక మందం 2 మి.మీ. నాలుగు తీగలూ కలిసి దాన్ని లాగే లాగుడు 20 కిలోల పైమాటే. అంత పలుచని కర్ర అంత లాగుడును ఏళ్ల తరబడి ఓర్చుకోవాలంటే కొలత, బంక, పనితనం మూడూ కుదరాలి. రావులపాలెంలోనో పాలకొల్లులోనో అమలాపురంలోనో కూర్చుని చేసేవాళ్లకు ఈ మూడింటికంటే ముందు చూసుకోవాల్సింది గాలిలో తేమ. వానాకాలంలో ఇక్కడ బిగించిన వాయిద్యం హైదరాబాద్ ఏసీ గదిలో మొదటి ఏడాదే పగిలిందంటే తప్పు కొన్నవారిది కాదు, బంక వేసిన రోజుది. అందుకే ఇందులో కొలతలు ఎన్ని ఉన్నాయో తేమ మాట కూడా అన్నిసార్లు వస్తుంది.

పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి 1879లో రావెన్‌స్క్రాగ్ అనే ఓడలో హొనొలులు చేరిన వలస కూలీల చేతుల్లో మషేట్ అనే చిన్న తీగల వాయిద్యం ఉండేది. అదే ఓడలో దిగిన చెక్కపనివాళ్లు మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసే దో ఎస్పిరిటో శాంటో దాన్ని అక్కడి కోవా కర్రతో కొత్తగా మలిచారు. ఉకులేలే అలా పుట్టింది. హవాయిలో ఈనాటికీ కోవాతోపాటు మామిడి కర్రతోనూ మంచి ఉకులేలేలు చేస్తారు. ఆ కర్ర మన పెరట్లోనే ఉంది.

ఆర్డరు తీసుకునేటప్పుడు అడగాల్సినవి

మొదట అడగాల్సింది రంగు గురించో పేరు చెక్కడం గురించో కాదు. "ఇది ఏ ఊళ్లో, ఎలాంటి గదిలో ఉంటుంది?" అని అడగండి. కోనసీమలో ఫ్యాను కింద ఉండే వాయిద్యం వేరు, హైదరాబాద్ ఏసీ గదిలో ఉండేది వేరు, అమెరికాలో చలికాలం హీటరు గదికి వెళ్లేది వేరు. కర్రను ఎంత ఆరబెట్టాలన్నది ఈ జవాబును బట్టే ఉంటుంది.

తర్వాత సైజు. మెడ పై చివర తీగలు ఆనే నట్ నుంచి బాడీ మీద అవి ఆనే శాడిల్ దాకా తీగ మోగే పొడవును స్కేలు అంటారు. సొప్రానోకు సుమారు 350 మి.మీ., కాన్సర్ట్‌కు 381, టెనర్‌కు 432, బారిటోన్‌కు 510 చిల్లర. పిల్లలకు కాన్సర్ట్ చాలు. పెద్దల వేళ్లకు, చర్చిలో పాటల వెనక వాయించడానికి టెనర్ సుఖంగా ఉంటుంది. ఇక్కడి కొలతలన్నీ టెనర్‌వే.

శ్రుతి జి, సి, ఇ, ఎ. జి తీగను పై స్థాయిలో పెట్టాలా, కింది స్థాయిలో పెట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. కింది జి తీగ లావుగా ఉంటుంది కాబట్టి నట్‌లో గాడి వేరుగా కొయ్యాలి. సంగీతం నేర్చినవాళ్లకు ఇలా చెబితే సులువు: సి ని షడ్జంగా పట్టుకుంటే వదులు తీగలు ప, స, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం పలుకుతాయి. రిషభం ఒక్కటి కలిస్తే మోహన రాగమే.

ఎడమచేతి వాటమా, స్పీకరుకు కలిపేందుకు శబ్దాన్ని పట్టే పికప్ కావాలా, మెడ వెడల్పు ఎంత అన్నవి కూడా కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. పికప్ కావాలంటే బాడీ కింది చివర లోపల ఉండే తోక దిమ్మలో 12 మి.మీ. రంధ్రం, శాడిల్ గాడి అడుగు అద్దంలా చదునుగా ఉండడం అవసరం. బాడీ మూశాక చెబితే రెండింతల పని. అడ్వాన్సు కనీసం సామాను ఖర్చంతైనా ఉండాలి. గడువు మూడు నెలలకు తక్కువ ఒప్పుకోవద్దు. చేతిపని 50, 60 గంటలే గానీ మిగతాదంతా ఆరబెట్టే కాలం. శ్రావణంలో ఆర్డరిచ్చి దసరాకు కావాలనేవారికి సున్నితంగా కాదని చెప్పడమే మేలు.

కర్ర ఎంపిక

పైపలక, అడుగు పలక, పక్కలు అన్నిటికీ మామిడి వాడొచ్చు. తేలిగ్గా వంగుతుంది, గొంతు వెచ్చగా ఉంటుంది, కొన్ని దుంగల్లో అలలు తిరిగిన నార చూడముచ్చటగా వస్తుంది. కానీ మామిడికి రెండు జబ్బులు: పురుగు, మచ్చ. నరికిన దుంగను వర్షంలో వదిలేస్తే కొద్ది వారాల్లోనే నీలం, బూడిద చారలు పడతాయి. కోసిన వెంటనే పలకల చివరలకు మైనమో పెయింటో పూసి, మధ్యలో సన్న బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. పలకలకు బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లు పట్టిస్తే పుచ్చు పట్టదు. అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరనివ్వడం పాత లెక్క. గాలికి ఆరిన కర్రను ఆ తర్వాత పెట్టెలో ఆరబెట్టాల్సిందే.

పనస మన వీణల కర్ర. బొబ్బిలి వీణ చెక్కేది పనస దుంగలోనే. ఉకులేలే అడుగు పలకకు, పక్కలకు బాగుంటుంది. పసుపు రంగు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుందని కస్టమరుకు ముందే చెప్పాలి. నార అటూ ఇటూ పెనవేసుకుని ఉంటుంది కాబట్టి వంచేటప్పుడు నడుము దగ్గర పెట్లే అవకాశం ఎక్కువ. టేకు చేతికి అలవాటైన కర్రే గానీ అందులో నూనె ఉంటుంది. బంక వేసే ముందు అతుకును కొత్తగా చిత్రిక పట్టి అసిటోన్‌తో తుడిచి, పావుగంటలోపే అతికించాలి. నిన్న చిత్రిక పట్టి ఇవాళ అతికించిన టేకు ఊడొస్తుంది.

ఫ్రెట్లు అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు. వాటిని దించే ఫ్రెట్‌బోర్డుకు, పైపలక మీద తీగలు కట్టే బ్రిడ్జికి గట్టి కర్ర కావాలి. జిట్రేగి అందరికీ ఇష్టం. అయితే అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. పూర్తయిన సంగీత వాయిద్యాలకు 2019లో సడలింపు ఇచ్చినా మన దేశం నుంచి బయటికి పంపేటప్పుడు కాగితాల పని తప్పదు. విదేశానికి వెళ్లే వాయిద్యమైతే నల్లతుమ్మ చేవ వాడి ఆ తలనొప్పి వదిలించుకోండి. ఎర్రచందనం ఊసే వద్దు. ఏ కర్రయినా కోత మిల్లులో బిల్లుతో కొనండి.

పలక చివర చూసినప్పుడు వలయాల గీతలు పలకకు నిలువుగా ఉండాలి. పడుకుని ఉన్న గీతలున్న పలక తేమకు ఇంచుమించు రెండింతలు ఉబ్బుతుంది, మెలి తిరుగుతుంది. మిల్లువాళ్లు ఎక్కువ పలకలు వచ్చేలా కోస్తారు. మీకు కావాల్సినట్టు కోయించాలంటే రంపం దగ్గర నిలబడాల్సిందే.

ఆరబెట్టే పెట్టె

డెల్టాలో వానాకాలపు గాలిలో తేమ 80 శాతం దగ్గర ఆడుతుంది. ఆ గాలిలో ఎన్నాళ్లున్నా కర్రలో తేమ 16 శాతం దగ్గరే ఆగిపోతుంది. 50 శాతం తేమ ఉన్న గాలిలోనైతే 9 శాతానికి దిగుతుంది. ఈ తేడాకు 225 మి.మీ. వెడల్పున్న పలక రెండు, రెండున్నర మి.మీ. కుంచించుకుంటుంది. అడ్డబద్దలు అతికించి ఉన్న పలక కుంచించుకోలేదు, అందుకే చీలుతుంది.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ అల్మరా. అడుగున 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, గాలి తిరగడానికి కంప్యూటరు ఫ్యాను ఒకటి, పైన చిన్న గాలి రంధ్రం, లోపల తేమ చూపే డిజిటల్ మీటరు. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు, పనికిరాదు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 40 డిగ్రీలకు వేడెక్కిస్తే తేమ 46 శాతానికి పడిపోతుంది. నీటిని తీసేయనక్కర్లేదు, వేడి చేస్తే చాలు.

మీటరును నమ్మే ముందు పరీక్షించండి. ఒక మూతలో ఉప్పు పోసి ముద్దయ్యేంత వరకే నీళ్లు చల్లి, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి 75 చూపించాలి. 79 చూపిస్తే ఆ మీటరు నాలుగు ఎక్కువ చెబుతోందని దాని వెనక రాసుకోండి.

పలకల్ని కొంచెం మందంగా, 3 మి.మీ. దగ్గర ఉన్నప్పుడే పెట్టెలో నిలబెట్టండి. రెండు రోజులకొకసారి వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి బరువు పలక మీదే పెన్సిలుతో రాయండి. పైపలక జత సుమారు 10 గ్రాములు తగ్గుతుంది. వరుసగా మూడు తూకాలు ఒకేలా వస్తే ఆరినట్టు. ఇక్కడే ఉండే వాయిద్యానికి పెట్టెను 50 శాతం దగ్గర, హైదరాబాద్ ఏసీ గదికో విదేశానికో వెళ్లేదానికి 42 నుంచి 45 దగ్గర ఉంచండి. అంతకంటే ఆరబెట్టినా నష్టమే: ఆ తర్వాత మన గాలిలో పైపలక ఉబ్బి తీగలు ఎత్తుకుంటాయి. పగుళ్లతో పోలిస్తే అది చిన్న బాధే అనుకోండి, శాడిల్ అరగదీస్తే సరిపోతుంది.

సామాను

- పైపలక: పుస్తకం తెరిచినట్టు జతపడే రెండు ముక్కలు, ఒక్కొక్కటి 330 × 125 × 3 మి.మీ.
- అడుగు పలక: అదే కొలతలో రెండు
- పక్కలు: 530 × 85 × 2.5 మి.మీ. రెండు. వంచేటప్పుడు ఒకటి విరుగుతుంది కాబట్టి మూడోది కూడా కోయించండి
- మెడ: మహాగనిగానీ తేలికైన టేకుగానీ 700 × 65 × 22 మి.మీ.
- ఫ్రెట్‌బోర్డు: 310 × 55 × 5 మి.మీ., బ్రిడ్జి ముక్క: 90 × 25 × 10 మి.మీ.
- లోపలి బద్దలకు నార నిటారుగా ఉన్న పైన్, 7 మి.మీ. మందం
- ఫ్రెట్ తీగ 1.2 మీటర్లు, తల వెడల్పు 2 మి.మీ.
- నాలుగు గేరు బిరడలు, నట్‌కు, శాడిల్‌కు ఎముక, ఒక ఎం6 (6 మి.మీ.) బోల్టు, అది బిగిసే గుండ్రటి బ్యారెల్ నట్

బంక విషయంలో బేరం వద్దు. తలుపుల పనికి వాడే మామూలు తెల్ల బంక వేడికి మెత్తబడి జారుతుంది. రోహిణి కార్తెలో మూసిన కారులో గంటసేపు ఉంటే బ్రిడ్జి లేచిపోతుంది. టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటి పసుపు బంక వాడండి. వేడిని పూర్తిగా తట్టుకోకపోయినా దానికి జారే గుణం తక్కువ, ఆరాక ఉలితో చెక్కినా పెళుసుగా వస్తుంది.

అచ్చు, పక్కలు

బాడీ పొడవు 305, పై వెడల్పు 165, నడుము 138, కింది వెడల్పు 225 మి.మీ. లోతు తోక దగ్గర 72, మెడ దగ్గర 64. సగం ఆకారం అట్ట మీద గీసి కత్తిరించి, తిప్పి వేసి రెండో సగం గీయండి. రెండు వైపులూ వేర్వేరుగా గీస్తే ఎప్పుడూ ఒకేలా రావు. 18 మి.మీ. ప్లైవుడ్ మూడు పొరలు అతికించి లోపలి వైపు ఆకారం కోస్తే అచ్చు అయిపోయినట్టే.

పక్కలను 1.7 మి.మీ.కి దించండి, పనస అయితే నడుము దగ్గర 1.6. రెండంగుళాల ఇనప పైపును బెంచికి బిగించి లోపల గ్యాసు టార్చితోనో హాట్ ఎయిర్ గన్‌తోనో కాల్చాలి. నీటిచుక్క వేస్తే అట్ల పెనం మీద చిలకరించిన నీళ్లలా గెంతుతూ పోవాలి. అక్కడే ఉండి బుసబుసలాడితే వేడి చాలలేదు. పక్కను పది నిమిషాలు తడిపి, ముందు నడుము వంపు తీయండి. చేతులతో నొక్కవద్దు, పైపు మీద అటూ ఇటూ ఊపుతూ ఉండండి. వేడి లోపలి దాకా ఎక్కినప్పుడు కర్ర ఒక్కసారిగా లొంగుతుంది, అది వేళ్లకు తెలుస్తుంది. లొంగకముందే బలవంతం చేస్తే పెట్లుతుంది. బయటి వైపు పలుచని స్టీలు పట్టీ ఆనించి వంచితే నార లేవదు. విరిగిన పక్కలను పరిశీలిస్తే కారణం చాలావరకు ఒక్కటే: నార పలక అంచులోంచి బయటికి పారిపోయి ఉంటుంది. అలాంటి ముక్కను మిల్లులోనే వదిలేసి రావాలి.

వంచిన పక్కల్ని అచ్చులో బిగించి రాత్రంతా ఉంచి, తర్వాత మళ్లీ ఆరబెట్టే పెట్టెలో రెండు రోజులు పెట్టండి. తడిపిన కర్ర కదా. ఆరాక మెడ దిమ్మ 20 మి.మీ. మందంలో, తోక దిమ్మ 12 మి.మీ. మందంలో అతికించండి. అంచుల లోపల 6 మి.మీ. పట్టీలు పెట్టాలి. వాటిని 4 మి.మీ.కి ఒక గాటు పెట్టి వంగేలా చేస్తారు. బిగించడానికి బట్టల క్లిప్పులకు రబ్బరు బ్యాండు చుట్టి వాడితే చాలు, డజన్లకొద్దీ కావాలి.

పైపలక, బద్దలు

రెండు ముక్కల అతుకును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే బంక దాన్ని పూడ్చదు, మళ్లీ చిత్రిక పట్టాలి. అతికాక మామిడి పైపలకను 1.9 మి.మీ.కి, అంచుల్లో 1.7కి దించండి. మందం కొలిచే సాధనం లేకపోతే ఒక్క పైపలకతో ఆ పని నేర్చుకోవాలనుకోకండి, ముందు డయల్ కాలిపర్ కొనండి. శబ్దరంధ్రం వ్యాసం 60 మి.మీ., దాని కేంద్రం బాడీ పై అంచు నుంచి 95 మి.మీ.

బద్దలు అతికించే రోజే అన్నిటికంటే ముఖ్యం. ఆ రోజు పని గదిలో మీటరు 50 దాటి ఉంటే పని వాయిదా వేయండి, లేదా ఏసీని డ్రై మోడ్‌లో రెండు గంటలు నడిపించండి. పెట్టెలోంచి తీసిన పలక మీద గంటలోపు బంక పడాలి. శబ్దరంధ్రానికి కింద అడ్డంగా 12 మి.మీ. ఎత్తు బద్ద ఒకటి, పైన ఇంకొకటి. బ్రిడ్జి కింద 1.5 మి.మీ. గట్టికర్ర బిళ్ల. దాని మీదుగా విసనకర్ర ఆకారంలో మూడు బద్దలు, 6 మి.మీ. వెడల్పు, నడుమ 9 మి.మీ. ఎత్తు, చివరలకు 2 మి.మీ.కి జారాలి. చివరలు జారకపోతే పైపలక బిగుసుకుపోయి పలచటి శబ్దం వస్తుంది. మరీ చెక్కేస్తే మొదట గొంతు ఘనంగా ఉంటుంది గానీ ఏడాదిలో బ్రిడ్జి వెనక ఉబ్బు, ముందు పల్లం పడతాయి.

అడుగు పలకకు మూడు అడ్డబద్దలు. వాటి అతికే ముఖాన్ని 4.5 మీటర్ల వ్యాసార్ధపు వంపులో గీయండి. 225 మి.మీ. వెడల్పుకు నడుమ ఎత్తు 1.4 మి.మీ. వస్తుంది. పైపలకకు 0.8 మి.మీ. చాలు. ఈ చిన్న గూనే మన ప్రాంతపు వాయిద్యానికి బీమా. గాలి పొడిబారితే పలక ముందు గూను దించుకుంటుంది, చీలడం ఆ తర్వాతి మాట.

ముందు పైపలక అతికించి, లోపలి బంక మరకలు గీకి, సంతకం చీటీ అంటించి, ఆ తర్వాత అడుగు పలక మూయండి. పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి అచ్చు చుట్టూ బిగిస్తే ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది. 24 గంటలు కదపవద్దు.

మెడ, ఫ్రెట్లు

తల భాగాన్ని 14 డిగ్రీల వాలుతో కోసి, తిరగేసి అతికించాలి. ఒకే ముక్కలోంచి వాలు తీస్తే నార అడ్డంగా తెగి కింద పడ్డప్పుడు అక్కడే విరుగుతుంది. నట్ దగ్గర వెడల్పు 36, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర 45 మి.మీ. మందం ఫ్రెట్‌బోర్డుతో కలిపి మొదటి ఫ్రెట్ దగ్గర 19, పదో ఫ్రెట్ దగ్గర 21. నైలాన్, ఫ్లోరోకార్బన్ తీగల లాగుడుకు మెడ వంగకుండా లోపల పెట్టే ఇనప కడ్డీ (ట్రస్ రాడ్) అవసరం లేదు.

ఫ్రెట్ల స్థానాలు నట్ నుంచి, మిల్లీమీటర్లలో: 1వది 24.25, 2వది 47.13, 3వది 68.73, 4వది 89.12, 5వది 108.37, 6వది 126.53, 7వది 143.67, 8వది 159.86, 9వది 175.13, 10వది 189.55, 11వది 203.16, 12వది 216.00, 14వది 239.57. మిగతావి లెక్కకట్టడానికి సూత్రం ఇది: మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. లెక్క అలా కట్టినా గుర్తులు మాత్రం అన్నీ నట్ నుంచే పెట్టండి. ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే ఒక్కోదాంట్లో పావు మి.మీ. తప్పు చేరి పన్నెండో ఫ్రెట్ దగ్గర అపస్వరం ఖాయం. అంచులు వాలుగా కోయకముందే, మూలమట్టం ఆనడానికి నిటారు అంచు ఉన్నప్పుడే గాళ్లు కోయాలి. గాడి వెడల్పు 0.55 నుంచి 0.6 మి.మీ.

పొడి ఊరికి వెళ్లే వాయిద్యంలో తరచూ వచ్చే ఫిర్యాదు, మెడ పక్కన ఫ్రెట్ల కొసలు వేళ్లకు గుచ్చుకోవడం. తీగ పెరగలేదు, కర్ర కుంచించుకుంది. ఫ్రెట్ కింద గాడిలోకి దిగే నాలుకను రెండు చివర్లా 1.5 మి.మీ. కత్తిరించి, గాడి చివర కర్రపొడి కలిపిన బంకతో పూడ్చితే ఆ ఫిర్యాదు రాదు. ఫ్రెట్లన్నీ కొట్టాక స్కేలు ఆనించి ఎత్తుగా ఉన్నవాటిని ఆకురాయితో సమం చేయండి.

మెడను బాడీకి ఎం6 బోల్టుతో బిగించడం రిపేరుకు మేలు. మెడ బాడీని ఆనే చోటు, అంటే మడమ, ముఖంలో నేరుగా మరబిళ్ల దించితే నార చివరల్లో పట్టు దొరకదు, లాగుడుకు ఊడివస్తుంది. మడమ అడుగు నుంచి నిలువుగా రంధ్రం వేసి బ్యారెల్ నట్ దించి, బోల్టును బాడీ లోపలి నుంచి దానిలోకి తిప్పాలి. బిగించే ముందు మెడ వరస చూడండి: నట్ రెండు అంచుల నుంచి బ్రిడ్జి వైపు దారం లాగితే రెండూ బాడీ అతుకు గీతకు సమాన దూరంలో ఉండాలి.

ఎత్తు లెక్క: ఫ్రెట్‌బోర్డు 5, ఫ్రెట్ తల 1, కలిసి పైపలక మీద 6 మి.మీ. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2.6 కావాలంటే శాడిల్ దగ్గర తీగ ఫ్రెట్ల మట్టం కంటే సుమారు 4.7 పైన ఉండాలి. అంటే పైపలక నుంచి 10.7. బ్రిడ్జి ఎత్తు 8 అయితే ఎముక 2.7 బయటికి కనిపిస్తుంది. మెడను ఏ వాలూ లేకుండా పైపలకకు సమాంతరంగా పెడితే ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది.

పాలిష్

తేమ ఎక్కువగా ఉన్న రోజు లక్క పాలిష్ వేసినా, నైట్రోసెల్యులోజ్ (ఎన్‌సీ) లాకర్ కొట్టినా పైన తెల్లటి పొగ తేలుతుంది. స్పిరిట్ ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో నీరు అక్కడ చేరుతుంది. 60 శాతం దాటితే సీసా మూత తీయవద్దు. చేతికి చెమట పట్టే మన ఊళ్లలో లక్క ఒక్కటే వేస్తే మెడ త్వరగా జిగటవుతుంది. మైనం తీసిన లక్క రెండు పూతలు అడుగున, పైన గుడ్డతో పూసే పలుచని పాలీయురెథేన్ (పీయూ) నాలుగు పూతలు మా సలహా. పైపలక మీద ఇంకా తగ్గించండి. ఫర్నిచరు షాపు మెరుపు కావాలని మెలమైన్ మందంగా కొట్టిస్తే అందం వస్తుంది, గొంతు పోతుంది. 220 నంబరు శాండ్ పేపరుతో మొదలుపెట్టి 320 దగ్గర ఆపండి, పూతల మధ్య 400 వాడండి.

బ్రిడ్జి, తీగలు, సర్దుబాటు

శాడిల్ స్థానం నట్ నుంచి 434 మి.మీ. స్కేలు 432 కదా, 2 ఎందుకు అంటే, తీగను ఫ్రెట్ మీద నొక్కినప్పుడు అది కొంచెం సాగి శ్రుతి ఎక్కుతుంది. ఆ ఎక్కుడును ఈ 2 మి.మీ. దించుతుంది. బ్రిడ్జి అడుగున పాలిష్ ఉంటే బంక కర్రను పట్టుకోదు. చుట్టూ అర మి.మీ. వదిలి లోపలంతా గీకేసి, శబ్దరంధ్రంలోంచి పొడవు క్లాంపు పెట్టి బిగించండి. రెండు రోజులు ఆగి తీగలు కట్టండి.

నట్‌లో చివరి తీగల మధ్య దూరం 29, శాడిల్‌లో 42 మి.మీ. నట్ గాడి లోతుకు గుర్తు: మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుంటే మొదటి ఫ్రెట్ మీద కాగితం దూరేంత సందు కనిపించాలి. అంతకంటే ఎత్తుంటే మొదటి ఫ్రెట్‌లో పట్టే స్వరాలన్నీ ఎక్కువ శ్రుతి పలుకుతాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ చెవిదే తప్పనుకుంటారు. గాడి అడుగు బిరడ వైపు కొంచెం వాలాలి. వాలకపోతే వదులు తీగ సితారులా కిర్రుమంటుంది. ఒక్క ఫ్రెట్ దగ్గరే కిర్రుమంటే దాని ముందున్న ఫ్రెట్ ఎత్తుగా ఉందని, అన్ని చోట్లా కిర్రుమంటే శాడిల్ పొట్టిదైందని లెక్క.

పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరం, అక్కడే వేలు తాకించి తీసిన అనుస్వరం (హార్మోనిక్) ట్యూనరులో ఒక్కటిగా ఉండాలి. నొక్కినది ఎక్కువైతే శాడిల్ పైముఖాన్ని వెనక్కి, తక్కువైతే ముందుకు అరగదీయండి. కొత్త తీగలు వారం, రెండు వారాలు సాగుతూనే ఉంటాయి. కాబట్టి ఈ పని కట్టిన రోజే కాదు, నాలుగు రోజులాగి మళ్లీ చేయండి.

అప్పగింత

కొరియరులో పంపితే తీగల్ని ఒక స్వరం మేర వదులు చేసి, మెడ కింద, తల వెనక బట్ట మెత్తలు పెట్టండి. పెట్టె పడినప్పుడు విరిగేది తలే. కేసులో 49 శాతం దగ్గర తేమను నిలిపే పొట్లం ఒకటి పెట్టండి. కారులో, బీరువా పైన, ఏసీ గాలి నేరుగా తగిలే గోడకు పెట్టవద్దని కాగితం మీద రాసివ్వండి, నోటిమాట గుర్తుండదు.

చివరగా రెండు శాడిళ్లు చేయండి. ఇప్పుడున్నది కాక 0.5 మి.మీ. పొట్టిది ఇంకొకటి, ఒక చిన్న కవరులో "వానాకాలం" అని రాసి. జూలైలో తీగలు ఎత్తుగా ఉన్నాయని ఫోన్ వస్తే, తీగలు వదులు చేసి అది మార్చుకోమని చెబితే సరిపోతుంది.